నాలుగు లైన్లు దిద్దితే ప్రాజెక్టు కాదా?

అయ్యా,

ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టులు కొనుక్కొచ్చి ఇస్తున్నారని మీ పేపర్లో చదివాను. మా అమలాపురంలోనూ అదే తంతు. కానీ ఫైనలియర్ చదివే మా తమ్ముడి కూతురు సొంతంగా ఒక పని చేసింది. ప్రోగ్రాం ఎక్కడ నెమ్మదిస్తోందో చూపే ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి దిద్దగల) ట్రేసింగ్ టూల్ ఒకటి కొన్ని ప్రాసెస్‌లకు, అంటే నడుస్తున్న ప్రోగ్రాంలకు, చెత్త అంకెలు చూపిస్తోందట. కరెంటు పోయిన సాయంత్రం ల్యాప్‌టాప్ అరుగు మీదికి తెచ్చి, “పెదనాన్నా, ఇదిగో చూడు” అంది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ప్రతి ప్రాసెస్‌కూ దాని వివరాలు ఖాళీలతో విడదీసిన గడులుగా ఉండే ‘స్టాట్’ ఫైలుంటుంది. రెండో గడి ప్రాసెస్ పేరు, బ్రాకెట్లలో. ‘టీమక్స్: సర్వర్’ లాగా పేరు మధ్య ఖాళీ ఉండొచ్చు, బ్రాకెట్ కూడా ఉండొచ్చు. టూల్ ఖాళీ కనపడ్డ చోటల్లా కోసేస్తోంది. దాంతో గడులన్నీ జరిగిపోయి, తల్లి ప్రాసెస్ (దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్) నంబరుండాల్సిన చోట ప్రాసెస్ స్థితిని చెప్పే ‘ఎస్’ అక్షరం వచ్చి కూర్చుంది. ఈ పిల్ల వెనక నుంచి వెతికి, చివరి బ్రాకెట్ తర్వాత లెక్క మొదలుపెట్టింది. అలాంటి పేరుతోనే ఒక టెస్టూ జతచేసింది. నాకు అదే ఎక్కువ నచ్చింది.

కాలేజీ వాళ్లు ఇది ప్రాజెక్టు కిందకు రాదన్నారు. స్పైరల్ బైండింగ్ పుస్తకం కావాలట! టూల్ రాసినవాళ్లే చూసి ఒప్పుకున్న దిద్దుబాటుకు మార్కులిచ్చేలా యూనివర్సిటీలు నిబంధన మార్చాలి.

– విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, అమలాపురం