బొంతల సంఘం జమా ఖర్చుల వివరణ: 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 జనవరి 31 వరకు

సభ్యులకు, ప్రదర్శనకు తమ ఇంటి బొంతలు ఇచ్చిన వాళ్లకు, టికెట్ కొని చూడ్డానికి వచ్చిన హనుమకొండ వాసులందరికీ కమిటీ తరఫున నమస్కారం. ప్రతి రూపాయి ఎక్కణ్నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది ఇక్కడ రాస్తున్నాం. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు బిల్లులన్నీ చూసి, పుస్తకం చివర సంతకాలు చేశారు.

జమ
గత ఏడాది మిగులు: రూ. 6,340
సభ్యత్వం (38 మంది, ఒక్కొక్కరు రూ. 600): రూ. 22,800
విరాళాలు: రూ. 27,500
ప్రదర్శన టికెట్లు (612, ఒక్కోటి రూ. 20): రూ. 12,240
కొత్త బొంతల అమ్మకం: రూ. 23,900
మొత్తం: రూ. 92,780

సభ్యులం 43 మందిమి. ఐదుగురి దగ్గర ఇంకా రూ. 3,000 రావాలి. చేతికి రాలేదు కాబట్టి ఆ డబ్బు పై లెక్కలో చూపలేదు.

విరాళాల్లో పదివేలు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మన సభ్యురాలి అబ్బాయి పంపినవి. మన బజారులోని ఇద్దరు షాపువాళ్లు ఐదేసి వేలు ఇచ్చారు. మిగతా ఏడు వేల ఐదు వందలు ప్రదర్శన హాల్లో పెట్టిన హుండీలో పడినవి. హ్యూస్టన్‌లో ఉండే ఇంకో సభ్యురాలి అక్క కూతురు కూడా రెండు వందల డాలర్లు పంపుతానంది. మేం వద్దన్నాం. ఎందుకని చాలామంది అడిగారు. డాలస్ అబ్బాయిది ఇంకా భారత పాస్‌పోర్టే. అతను సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆ అమ్మాయి అమెరికా పౌరసత్వం తీసుకుంది. కాబట్టి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని మన సంఘం ఆమె డబ్బు తీసుకోకూడదు. పుట్టింది మన వరంగల్లోనే అయినా చట్టం చట్టమే. ఆమె ఏమీ అనుకోలేదు. పైగా డబ్బుకన్నా ఎక్కువ పనికొచ్చే సలహా ఇచ్చింది. దాని సంగతి కింద రాశాం.

ఖర్చు
నెలవారీ సమావేశాలు: రూ. 7,800
దారం, దబ్బనాలు, తెల్లగుడ్డ: రూ. 5,925
కుట్టుకూలి, నేర్పినందుకు ఇచ్చింది: రూ. 20,800
ప్రదర్శన: రూ. 34,780
కర్ణాటక నుంచి కొన్న కవంది బొంత, కొరియర్‌తో కలిపి: రూ. 7,040
నష్టపరిహారం: రూ. 1,500
మొత్తం: రూ. 77,845

నెలవారీ సమావేశాల ఖర్చు గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. నెలకు టీ బిస్కెట్లకు రూ. 480, కమ్యూనిటీ హాలు కరెంటుకు రూ. 300, పది నెలలకు.

కుట్టుకూలి గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మనకు నేర్పిన ఇద్దరు పెద్దమ్మలు చిన్నప్పటి నుంచి వీధి వీధి తిరిగి బొంతలు కుట్టిన వాళ్లు. వాళ్లు నాలుగు సమావేశాలకు వచ్చారు. మనిషికి, సమావేశానికి రూ. 700 లెక్కన రూ. 5,600 ఇచ్చాం. "ఊరికే కూర్చుని చూపించినందుకు అంతా?" అని ఒక సభ్యురాలు అడిగారు. ఆ రోజు అక్కడున్న వాళ్లకు జవాబు తెలుసు. పెద్దమ్మ ముందు నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచింది. మూలలు లాగి, అంచుల మీద రాళ్లు పెట్టింది. తర్వాత బట్ట మీదే కూర్చుని జానెడు జానెడు దూరంలో టాకాలు వేసింది. ఆ తర్వాతే అసలు కుట్టు మొదలైంది. రెండు వరసల మధ్య బొటనవేలంత దూరం. చాక్‌పీసుతో గీత గీయలేదు, స్కేలు పెట్టలేదు. వరస ఆ చివర నుంచి ఈ చివర దాకా తిన్నగా వచ్చింది. లోపలి పొరలో ముడత పడితే కంటితో కాదు, అరచేతితో పట్టేసింది. అక్కడే ఆగి, టాకా కోసి, లోపలి చీరను లాగి సరిచేసింది. ఇది ఏ వీడియోలోనూ దొరకదు. ఆ డబ్బు తక్కువే అని కమిటీ అభిప్రాయం.

వాళ్లతో పాటు మరో ముగ్గురు అమ్మకానికి 9 పెద్ద బొంతలు, 22 పసిపిల్లల బొంతలు కుట్టారు. పెద్దది రూ. 1,800కు, చిన్నది రూ. 350కి అమ్మాం. కుట్టినవాళ్లకు పెద్దదానికి రూ. 1,200, చిన్నదానికి రూ. 200 చొప్పున మొత్తం రూ. 15,200 అందింది. చీరలు సభ్యులు ఇచ్చినవే. ప్రదర్శనలో "పాత చీరలకు పద్దెనిమిది వందలా?" అని బేరమాడిన వాళ్లున్నారు. రోజుకు నాలుగైదు గంటలు కూర్చున్నా పెద్ద బొంతకు వారం పైనే పడుతుంది. ధర తగ్గిస్తే తగ్గేది ఆ కూలే. అందుకే ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు, ఇకపైనా తగ్గించం.

చీరలు ఇచ్చేవాళ్లకు ఒక మాట. నూలు చీరలే ఇవ్వండి. ఈసారి బతుకమ్మ చీరలు చాలా వచ్చాయి. రంగులు బాగున్నాయి, కానీ పాలిస్టర్ పొర నూలు పొర మీద జారుతుంది, చెమట పీల్చదు. వాటిని పెద్ద బొంతల్లో పైపొరకే వాడాం. పసిపిల్లల వాటికి అసలు వాడలేదు.

ఇక ప్రదర్శన. జనవరి 10, 11 తేదీల్లో, సంక్రాంతికి ముందు శని, ఆదివారాలు. 64 ఇళ్ల నుంచి బొంతలు వచ్చాయి. హాలు అద్దె రూ. 8,000, టెంట్ హౌస్ నుంచి తెచ్చిన పైపు స్టాండ్లు రూ. 9,600, ఆటోలు రూ. 3,200, వాలంటీర్లకు, కుట్టేవాళ్లకు రెండు రోజుల భోజనాలు రూ. 7,410, ఫ్లెక్సీలు, వివరాల కార్డులు రూ. 2,750, రాత్రి కాపలా రూ. 1,600, చేతి తొడుగులు రూ. 1,320, టికెట్ల ముద్రణ రూ. 900.

చేతి తొడుగులు దేనికని అనుకుంటారేమో. హ్యూస్టన్ అమ్మాయి ఇచ్చిన సలహా అదే. అక్కడ ఏటా పెద్ద క్విల్ట్ పండుగ జరుగుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ క్విల్ట్‌ను ముట్టుకోరు. తెల్ల తొడుగులు వేసుకున్న వాలంటీర్లను అడిగితే, వాళ్లే మూల ఎత్తి వెనకవైపు చూపిస్తారట. బొంతకు వెనకవైపే ప్రాణం. కుట్టు ఎంత సమంగా ఉందో అక్కడే తెలుస్తుంది. అందుకే అరవై జతల నూలు తొడుగులు కొన్నాం. డెబ్బై ఏళ్లు దాటిన ఒక బొంత మూల ఎత్తగానే, అరిగిన పైచీర కింద గళ్ల లుంగీ, దాని కింద పంచె అంచు, ఇంకా లోపల ఎర్రటి నేత చీర కనిపించాయి. చిరిగినప్పుడల్లా ఇంకో పొర వేసి కుట్టుకుంటూ వచ్చారన్నమాట. ఆ ఇంటి కోడలు అక్కడే నిలబడి ఏ పొర ఎవరిదో వచ్చినవాళ్లకు చెప్తుంటే, జనం ఆ స్టాండు దగ్గర నుంచి కదల్లేదు.

తెల్లగుడ్డ ఖర్చు కూడా ప్రదర్శన కోసమే. బొంత బరువు. క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే బరువంతా రెండు మూడు చోట్ల పడి, పాత బట్ట చిరుగుతుంది. అందుకని ప్రతి బొంతకూ వెనక పైఅంచున నాలుగంగుళాల గుడ్డను గొట్టంలా కుట్టి, అందులోంచి కర్ర దూర్చాం. ఇంత చేసినా ఒక బొంత దించేటప్పుడు అద్దె స్టాండు పైపు చివర తగిలి జానెడు చిరిగింది. ఆ ఇంటివాళ్లు వద్దన్నా రూ. 1,500 ఇచ్చాం. చిరుగును పెద్దమ్మే కుట్టింది, కూలి తీసుకోలేదు. మిగతా 63 బొంతలూ ఇచ్చినట్టే తిరిగి ఇచ్చేశాం. రిజిస్టర్‌లో సంతకాలున్నాయి.

ఫ్లెక్సీల్లో ఒకటి అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న జీస్ బెండ్ ఊరి గురించి. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో చలికి కుట్టుకున్న బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి. 2006లో అక్కడి తపాలా శాఖ వాటితో స్టాంపులు వేసింది. మన ఇళ్లలో అటక మీద పడేసిన వాటికీ అంత విలువ ఉందని చెప్పాలనే ఆ ఫ్లెక్సీ పెట్టాం.

కవంది బొంత కొనడం మీద కూడా అభ్యంతరం వచ్చింది, మన డబ్బుతో పరాయి రాష్ట్రం బొంత ఎందుకని. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న తెగ) ఆడవాళ్లు కుట్టేది కవంది. మనం చీరలు మొత్తంగా పరిచి కుడతాం. వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి, చిన్న చిన్న ముక్కలు అతుక్కుంటూ చుట్టూ తిరిగి మధ్యకు వస్తారు. నాలుగు మూలలా బట్టను మడిచి పువ్వులా కుడతారు. ఆ పద్ధతి చేత్తో పట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది. కుట్టినామెకే నేరుగా రూ. 6,500 ఇచ్చాం, కొరియర్‌కు రూ. 540 అయింది. బొంత సంఘం ఆస్తిగా హాలు బీరువాలో ఉంది. మల్లుగుడ్డలో చుట్టి, వేపాకు వేశాం. సభ్యులెవరైనా తీసి చూడొచ్చు, చూసి నేర్చుకోవచ్చు. మడిచేటప్పుడు ప్రతిసారీ పాత మడత మీద కాకుండా వేరే చోట మడవండి, లేకపోతే మడత దగ్గర బట్ట తెగుతుంది.

మిగులు రూ. 14,935. అందులో రూ. 13,210 బ్యాంకులో, రూ. 1,725 చేతిలో ఉన్నాయి.

ఫిబ్రవరి సమావేశంలో తేల్చుకోవాల్సింది ఒకటుంది. స్టాండ్ల అద్దెకే ఈసారి రూ. 9,600 పోయింది. సొంతంగా చేయించుకుంటే, పైపు చివరలకు రబ్బరు మూతలతో సహా, రూ. 22,000 అవుతుందని వెల్డింగ్ షాపువాళ్లు చెప్పారు. చేయించుకోవడమే మంచిదని కమిటీ అనుకుంటోంది. కానీ మిగులు సరిపోదు. సభ్యత్వం బాకీ ఉన్నవాళ్లు ముందు అది కడితే, తక్కువ పడేది ఎలా పూడ్చాలో అందరం కలిసి మాట్లాడుకోవచ్చు. పుస్తకం, బిల్లులు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. చూడాలనుకునేవాళ్లు ఏ ఆదివారమైనా పొద్దున రావచ్చు.