కలర్ రీళ్లు ఇక రోటరీ ప్రాసెసర్‌లోనే

నమస్తే. మా ఇంటి ల్యాబ్‌లో ఫిల్మ్ రీళ్లు కడిగించుకునే (డెవలప్ చేయించుకునే) మీ అందరికీ ఒక మార్పు చెప్పాలి. ఈ నెల నుంచి కలర్ నెగటివ్‌లన్నీ జోబో రోటరీ ప్రాసెసర్‌లో, అంటే ట్యాంకుని తిప్పుతూ ఫిల్మ్ కడిగే మెషీన్‌లో, కడుగుతున్నాం. బ్లాక్ అండ్ వైట్ మాత్రం ఎప్పటిలాగే చేత్తోనే.

కలర్ నెగటివ్‌లు కడిగే పద్ధతి పేరు సీ-41. అందులో బొమ్మని తేల్చే కెమికల్ అయిన డెవలపర్‌లో ఫిల్మ్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. వేడి 0.15 డిగ్రీకి మించి అటూఇటూ కాకూడదని కొడాక్ లెక్క. చేత్తో తిప్పే ట్యాంకును నీళ్లలోంచి తీసిన ప్రతిసారీ అది కాస్త చల్లారుతుంది. తేడా ఎక్కువైతే నీడల్లో ఒక రంగు, వెలుతురులో ఇంకో రంగు తేలుతుంది. స్కానింగ్‌లో దాన్ని పూర్తిగా సరిచేయలేం. ప్రాసెసర్‌లో ట్యాంకు గోరువెచ్చని నీళ్లలో అడ్డంగా పడుకుని ముందుకీ వెనక్కీ దొర్లుతూ ఉంటుంది. కెమికల్ సీసాలూ ఆ నీళ్లలోనే ఉంటాయి. అడ్డంగా ఉండటంతో సుమారు సగం కెమికల్‌తోనే ఫిల్మ్ అంతా తడుస్తుంది. అందుకే డెవలపర్‌ని ఒకసారి వాడి పారబోస్తున్నాం. మీ రీలుకి ప్రతిసారీ కొత్తదే. రేటు పెంచడం లేదు.

మరి బ్లాక్ అండ్ వైట్ ఎందుకు వద్దు? మా మెషీన్‌కి హీటర్ ఉంది, చల్లబరిచే ఏర్పాటు లేదు. వైజాగ్ ఎండాకాలంలో మెషీన్‌లోని నీళ్లు బ్లాక్ అండ్ వైట్ కడిగే 20 డిగ్రీలకు దిగాలంటే ఐసు వేయాల్సిందే. పైగా ఆగకుండా తిప్పితే కాంట్రాస్ట్ పెరుగుతుంది. టైమ్ సుమారు 15 శాతం తగ్గించి సర్దుకోవచ్చు, నిజమే. కానీ మీలో చాలామంది ఆర్.కె. బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తీస్తారు. ఆ ఇసుక, ఆ నురగ నెగటివ్‌లో అసలే దట్టంగా పడతాయి. అలాంటి రీలుని నెమ్మదిగా, తక్కువగా కదిపి కడగడమే నాకు ఇష్టం. రోడినాల్ అనే బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌ని బాగా పల్చగా కలిపి కదపకుండా ఉంచమని అడిగేవాళ్లకైతే చెయ్యి తప్ప దారి లేదు.

ఇబ్బంది ఒక్కటే, ఆలస్యం. కలర్ రీళ్లు కొన్ని పోగయ్యాకే మెషీన్ వేస్తాం. వానాకాలంలో ఆరడానికీ ఎక్కువ టైమ్ పడుతుంది. తడి ఫిల్మ్ మీద దుమ్ము అంటుకుంటే పోదు కాబట్టి తొందరపెట్టకండి. కరెంటు పోతుందని టెన్షన్ వద్దు, మెషీన్ ఇన్వర్టర్ మీద ఉంది.

సినిమా ఫిల్మ్ కత్తిరించి చుట్టిన రీళ్లయితే ఇచ్చేటప్పుడే చెప్పండి. కొన్నిటికి వెనక నల్లటి కార్బన్ పూత ఉంటుంది. అది ఊడి పక్క రీళ్లకి అంటుకుంటుంది, అందుకే వాటిని మెషీన్‌లో వేయం. పుష్ చేయాల్సినవైతే, అంటే ఫిల్మ్ స్పీడ్ కన్నా ఎక్కువ ఐఎస్ఓకి తీసి ఎక్కువసేపు కడగాల్సినవైతే, ఏ ఐఎస్ఓకి తీశారో డబ్బా మీద రాసి ఇవ్వండి.