కణితి తిరిగి ఎందుకు వస్తుందంటే

అమలాపురం

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం అందింది. చిన్నాన్నగారికి కీమో పూర్తయ్యాక స్కానులో దాదాపు కనిపించకుండా పోయిన ఊపిరితిత్తి కణితి మళ్లీ ఎందుకు పెరిగిందని, డాక్టరుగారు అన్న క్యాన్సర్ మూలకణాలు ఏమిటని అడిగావు. ఫోనులో చెప్తే సగమే అర్థమవుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

కణితిలోని కణాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఎక్కువ కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. కీమో మందు ముఖ్యంగా అటువంటి కణాలనే దెబ్బతీస్తుంది కాబట్టి అవి చచ్చి కణితి కుంచించుకుపోతుంది. కాని కొద్దిపాటి కణాలు నెమ్మదిగా విభజన చెందుతూ, లోపలికి వచ్చిన మందును బయటికి తోసేసే ప్రొటీన్లను తమ పొరలో ఉంచుకుని, తమవంటి కణాలనూ మామూలు కణితి కణాలనూ కూడా పుట్టించగల శక్తితో మిగిలిపోతాయి. వీటినే క్యాన్సర్ మూలకణాలంటారు. వరిచేలో తుంగను పైపైన పీకేస్తే నేలలోని గడ్డ నుంచి మళ్లీ మొలిచినట్లే, కణితి వీటి నుంచి తిరిగి వస్తుంది. రక్తక్యాన్సర్‌లో ఇటువంటి కణాలున్నాయని 1990ల్లో టొరంటోలో జాన్ డిక్ బృందం చూపించింది. ఊపిరితిత్తుల కణితుల్లో పొర మీద సిడి133 అనే ప్రొటీన్ గుర్తు ఉన్న కణాలకు ఆ లక్షణం ఉందని 2008లో ఇటలీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చన్న వాదన ఉంది గాని, గుర్తు కంటే కణం నడవడికే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక అసలు ప్రశ్న ఏమిటంటే, ఒకే కణితిలో ఒక కణం మామూలు కణితి కణంగా, పక్కనున్నది మూలకణంగా ఎలా ఉండగలుగుతున్నాయి? జన్యువుల్లో పెద్ద తేడా లేకపోయినా, ఏ జన్యువు ఎంత ప్రొటీన్ తయారు చేయాలన్న అదుపులో తేడా ఉంటుంది. ఆ అదుపులో పెద్ద భాగం మైక్రో ఆర్‌ఎన్‌ఏలది. ఒక్కొక్కటి సుమారు 22 రసాయన అక్షరాల పొడవుండే ఈ చిన్న పోగులు జన్యువు నుంచి ప్రొటీన్ తయారీకి వెళ్తున్న సందేశ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని, దాన్ని పనిచేయనీయకుండా ఆపుతాయి, లేదా నాశనం చేయిస్తాయి. వీటిలో మొదటిదాన్ని విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ప్రయోగశాలలు 1993లో ఒక సన్నని నేలపురుగులో వెల్లడించాయి. వారిద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది. రెండవది లెట్-7, 2000లో బయటపడింది. లెట్-7 పనిచేయని పురుగులో చర్మకణాలు పెద్దవయసు వచ్చినా ముదరకుండా, లార్వా దశలోలాగే విభజన చెందుతూ ఉంటాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే క్యాన్సరే గుర్తుకొచ్చింది. ఆ పోగులో రెండు నుంచి ఎనిమిది వరకు ఉన్న అక్షరాలు జి, ఎ, జి, జి, యు, ఎ, జి. లక్ష్యాన్ని గుర్తుపట్టేవి ముఖ్యంగా ఈ ఏడే. పురుగులోనూ మన ఊపిరితిత్తిలోనూ అవి అక్షరం తేడా లేకుండా ఒక్కటే.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో లెట్-7 తగ్గిన రోగులు ఆపరేషన్ తర్వాత తక్కువకాలం బతుకుతున్నారని 2004లో జపాన్ పరిశోధకులు చెప్పారు. కణాన్ని విభజనకు ఉసిగొల్పే రాస్ ప్రొటీన్‌ను లెట్-7 అణచిపెడుతుందని మరుసటి సంవత్సరం తెలిసింది. నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ లిన్28 అనే ప్రొటీన్. లెట్-7 ఇంకా పూర్తిగా తయారుకాక ముందే లిన్28 దాని మెలికను పట్టుకుని తయారీని ఆపేస్తుంది. లెట్-7 తయారైతే అదే లిన్28ను అణచివేస్తుంది. అంటే ఏది పైచేయి అయితే అది రెండవదాన్ని ఇంకా కిందికి నొక్కుతుంది. అందుకే కణం అటో ఇటో స్థిరపడుతుంది, మధ్యలో నిలవడం కష్టం. మామూలు మానవ కణాన్ని మూలకణంగా మార్చడానికి 2007లో జేమ్స్ థామ్సన్ బృందం వాడిన నాలుగు జన్యువుల్లో లిన్28 ఒకటని తెలిస్తే, కణితి కణం ఏ దారిన వెనక్కి వెళ్తుందో నీకే బోధపడుతుంది. మిఆర్-200 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల కుటుంబానికీ జెబ్1 అనే ప్రొటీన్‌కూ మధ్య కూడా ఇటువంటి పోరే నడుస్తుంది. అక్కడ జెబ్1 గెలిస్తే కణం పక్కకణాలను వదిలి వలస పోవడానికి సిద్ధమవుతుంది.

చిన్నాన్నగారు లంక పొగాకు చుట్టలు ఎన్నేళ్లు కాల్చారో మనిద్దరికీ తెలుసు. పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు, కణం అదుపు తప్పకుండా కాపాడే పి53 జన్యువును దెబ్బతీస్తాయి. కణంలో మిఆర్-34 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచేది ఆ పి53యే అని 2007లో తేలింది. మిఆర్-34 తగ్గితే, మూలకణ లక్షణాలను నిలబెట్టే సిడి44 వంటి ప్రొటీన్ల మీద ఒక అడ్డు తొలగినట్లే.

అలాగైతే తగ్గినదాన్ని బయటినుంచి ఎక్కించవచ్చు కదా అని నువ్వు అడుగుతావు. ఆ పనీ చేశారు. మిఆర్-34 నకలును కొవ్వు గుళికల్లో పెట్టి 2013లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు రావడంతో 2016లో ఆ ప్రయత్నాన్ని ఆపవలసి వచ్చింది. ఇది చదివి నేను చాలా బాధపడ్డాను, ఎందుకంటే ఊహలో లోపం కంటే మందును చేరవలసిన కణానికే చేర్చలేకపోవడం పెద్ద ఆటంకమని నాకు అనిపిస్తోంది.

అందువల్ల ఎవరైనా మూలకణాల వైద్యమని చెప్పి లక్షలు అడిగితే మీ తమ్ముణ్ణి ఒక్క రూపాయి కట్టనివ్వకు. దానికి బదులు బయాప్సీ ముక్క మీద ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, కేరాస్ అనే జన్యువుల పరీక్షలు జరిగాయో లేదో డాక్టరుగారిని అడగమను. లెట్-7 అణచిపెట్టే ఆ రాస్ కుటుంబంలోదే కేరాస్. అందులో జి12సి అనే ఒక మార్పుకు 2021లో అమెరికాలో నోటిమాత్రకు అనుమతి వచ్చింది. రిపోర్టులు రాగానే నకళ్లు నాకు పంపు, చదివి వెంటనే రాస్తాను. పిన్నిగారికి నా నమస్కారాలు.

నీ
రామం