మన ఫుట్‌బాల్ సంఘం వార్షిక నివేదిక, 2024 అక్టోబరు – 2025 సెప్టెంబరు

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు, నేరుగా ఏడాదిలో జరిగిన పనికే వస్తాను.

ఆదివారం పొద్దున పిల్లలకు ఆట నేర్పించడం ఎండలు ముదిరిన రెండు నెలలు తప్ప ఆగలేదు. మైదానం కోసం పెట్టిన అర్జీ మాత్రం ఒక కార్యాలయంలో ఎనిమిది నెలలుగా ఉంది. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ సంతకం పెట్టాల్సిన సారు మీటింగులో ఉన్నారన్నారు. పిల్లలు ఇంకా కంకర తేలిన ఖాళీ స్థలంలోనే మోకాళ్లు చెక్కించుకుంటున్నారు. చాలా బాధగా ఉంది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సెప్టెంబరు 1న సత్యనారాయణపురంలో ఒక సభ్యుడి మేడ మీద జరిపిన ట్రాన్స్‌ఫర్ రాత్రి. అంతకు ఏడాది ముందు ఇదే తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, మనవాళ్లు ఎందరో పడవల కోసం చూస్తూ మేడలెక్కి కూర్చున్నారు. ఈసారి మేడెక్కింది ఆట కోసం. ఇంగ్లండ్‌లో ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు మన టైముకి రాత్రి 11:30కి ముగుస్తుంది కాబట్టి, అక్కడి పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి కింది లీగ్ నుంచి కొత్తగా వచ్చిన లీడ్స్, బర్న్‌లీ, సండర్లాండ్ పేర్లతో సభ్యుల్ని మూడు జట్లు చేసి, యజమానులు మీరే, కొనుక్కోండి అన్నాం.

పెద్ద క్లబ్బులుండగా ఇవెందుకని కొందరు అడిగారు. పైన నిలబడటం కష్టమయ్యేది వీళ్లకే కాబట్టి. అంతకు ముందు రెండు సీజన్లలో పైకొచ్చిన ఆరు క్లబ్బులూ ఏడాదికే కిందికి పోయాయి. 2023-24లో లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, ఆ తర్వాత లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్. సౌతాంప్టన్‌కు 38 మ్యాచుల్లో వచ్చింది 12 పాయింట్లే. డబ్బు తీయకపోతే అంతేగా అనేవాళ్లు మనలోనూ ఉన్నారు గానీ, 2018లో ఫుల్హామ్ 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కూడా దిగిపోయింది.

పైగా డబ్బున్నా పెట్టనివ్వరు. 2025-26 సీజన్‌కు, మూడేళ్లకు కలిపి క్లబ్బు చూపించగల నష్టానికి ఒక లెక్కుండేది: ప్రీమియర్ లీగ్‌లో ఉన్న ఏడాదికి 3.5 కోట్ల పౌండ్లు, కింది లీగ్‌లో ఉన్న ఏడాదికి 1.3 కోట్లు (ఇక్కడి నుంచి కోట్లన్నీ పౌండ్లే). పాత క్లబ్బుకు 10.5 కోట్లు వస్తే, ఆ మూడేళ్లలో రెండేళ్లు కింద ఉండి అప్పుడే వచ్చిన సండర్లాండ్‌కు 6.1 కోట్లే. ఇది వినగానే లీడ్స్ జట్టులో ఒకాయన ఇదెక్కడి న్యాయం అని లేచి నిలబడ్డారు. నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఆ రాత్రి అందరికంటే బాగా ఆడింది ఆదివారం ఆటకొచ్చే తొమ్మిదో తరగతి అబ్బాయి. 3 కోట్ల ఆటగాణ్ణి కొని పెద్దవాళ్లు ఖజానాలోంచి 3 కోట్లూ ఒకేసారి తీసేస్తుంటే, వాడు సుద్దముక్క తీసుకుని, "అంకుల్, ఐదేళ్ల కాంట్రాక్ట్ కదా, లెక్కలో ఏడాదికి 60 లక్షలే పడుతుంది" అని బోర్డు మీద భాగించి చూపించాడు. ఆగి, "మరి జీతం వేశారా?" అని అడిగాడు. ఎవరూ వేయలేదు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు సంగతి మేం చెప్పింది అప్పుడే. 2022లో పైకొచ్చి ఆ వేసవిలోనే ఇరవైమందికి పైగా తెచ్చుకుని నిలబడ్డారు, కానీ నష్టం 6.1 కోట్ల గీతను 3.45 కోట్ల మేర దాటింది. సొంత అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ను అమ్మితే కొన్న ఖర్చేమీ ఉండదు కాబట్టి వచ్చిందంతా లాభమే. అయితే లెక్కలు మూసే జూన్ 30 లోపు అమ్మకుండా మంచి రేటు కోసం ఆగి, 2023 సెప్టెంబరు 1న 4.75 కోట్లకు టాటెన్‌హామ్‌కు ఇచ్చారు. రేటు వచ్చింది, గీత దాటినందుకు శిక్షగా మరుసటి మార్చిలో నాలుగు పాయింట్లు పోయాయి.

అసలు గొడవ సండర్లాండ్ జట్టులో. లీడ్స్, బర్న్‌లీలకు ఏప్రిల్‌లోనే బెర్తు ఖాయమైంది, వీళ్లకు మే 24న వెంబ్లీలో మూడో బెర్తు తేల్చే ప్లేఆఫ్ ఫైనల్ గెలిచేదాకా వచ్చే ఏడు ఏ లీగో తెలియదు. గెలుపు గోలు కొట్టిన టామ్ వాట్సన్ అప్పటికే బ్రైటన్ క్లబ్బుకు వెళ్లడానికి ఒప్పుకున్నవాడు. తర్వాత జోబ్ బెల్లింగ్‌హామ్ జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు పోయాడు. పైకి తెచ్చినవాళ్లే వెళ్లిపోతుంటే జట్టెలా కట్టాలి? 32 ఏళ్ల గ్రానిట్ జాకాను తీసుకోవడం దండగ, మళ్లీ అమ్ముడుపోడు అని రిటైరైన మన బ్యాంకు మేనేజరు గారు గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోను. కొత్త కుర్రాళ్ల మధ్య ఒక పెద్దన్న ఉండాలి, అతను వచ్చాక సండర్లాండ్ మొదటి మ్యాచ్‌లోనే వెస్ట్ హామ్‌ను 3-0తో కొట్టింది కదా.

పదకొండున్నర దగ్గరపడేకొద్దీ ఒకటే టెన్షన్. నెదర్లాండ్స్ క్లబ్బు ఏయాక్స్ నుంచి బ్రాబీ సండర్లాండ్‌కు వచ్చాడనేసరికి కేకలు. లీడ్స్ వాళ్లు బోర్డు మీద హ్యారీ విల్సన్ పేరు రాసి, తుడిచి, మళ్లీ రాశారు. ఫుల్హామ్ వదల్లేదు, అతను రాలేదు. గడువు దాటాక కూడా లీడ్స్ జట్టులో నలుగురు ఫోన్లు చూసుకుంటూ అలాగే కూర్చుండిపోయారు.

మేడ ఇచ్చిన సభ్యుడికీ, అర్ధరాత్రి దాకా ఓర్చుకున్న వారి అమ్మగారికీ, కుర్చీలిచ్చి మా కోసం మైకు తగ్గించిన పక్కవీధి వినాయక మండపం కమిటీకీ, డబ్బు తీసుకోకుండా పునుగులు పంపిన టిఫిన్ సెంటరు వారికీ కృతజ్ఞతలు. పనికి వస్తామని పేర్లిచ్చింది పన్నెండుమంది, వచ్చింది ముగ్గురు. కుర్చీలు మెట్ల మీదుగా మోసింది కోశాధికారి గారు, నేను, ఆదివారం ఆటకొచ్చే పిల్లలు. పేర్లు రాయను గానీ, రాలేకపోతే ముందురోజు ఒక్క ఫోన్ చేయండి.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు సమావేశంలో చూపిస్తారు. అప్పు లేదు, ప్రొజెక్టర్ అద్దె ఇద్దరు సభ్యులు సొంతంగా ఇచ్చారు. చందా బాకీలు నెలాఖరులోగా కట్టండి.

జనవరిలో కొనుగోళ్లు మళ్లీ తెరిచే విండోకి ఇదే ఆట పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. లెక్కలు ఆ అబ్బాయే చూస్తాడు, అడిగాను, ఒప్పుకున్నాడు. కుర్చీలకు ఆరుగురు, మైదానం అర్జీ కోసం నాతో వచ్చేందుకు ఇద్దరు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ