మార్కుల కంటే ముందు బిడ్డ మనసు అడగండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి హాస్టల్లో ఇంటర్ చదివే మా అబ్బాయి ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నేను మొదట అడిగింది వారం పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయనే. కిందటేడు దసరా సెలవులకు వచ్చినవాడు కంచంలో అన్నం కెలుకుతూ, ‘నేను లేకపోతే మీకు ఫీజైనా మిగులుతుంది నాన్నా’ అన్నాక గానీ, నెలరోజులుగా వాడికి నిద్ర లేదని నాకు తెలియలేదు. ఇలాంటి మాటను బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, బిడ్డ గుండె బరువు కొంత దిగుతుందని వైద్యులు చెబుతారు. ఆ రాత్రి నేను అడిగాను. వాడు చాలాసేపు ఏడ్చాడు. చికిత్సతో ఇప్పుడు కుదుటపడ్డాడు.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత కలిగిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయరాదని చెప్పింది. మా అబ్బాయి కళాశాలలో ఇప్పటికీ కౌన్సెలర్ లేరు. తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులు ప్రతి కళాశాలనూ తనిఖీ చేయాలని, 24 గంటలూ ఉచితంగా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి హాస్టల్ గోడపైనా రాయించాలని కోరుతున్నాను.

— ఒక తండ్రి, చిత్తూరు