ఎండాకాలంలో బాస్ చేపలన్నీ లోతుకే పోవు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం మీరు వేసిన గాలం వేట వ్యాసం చదివాను. ఎండలు ముదిరాక లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేప అంతా లోతు నీళ్లకు దిగిపోతుందని, ఒడ్డున గాలం వేయడం దండగని అందులో రాశారు. పడవ లేక గట్టు మీద నుంచే వేటాడే నాలాంటివాళ్లు అది నమ్మి వేసవి పొడుగునా రాడ్ అటకెక్కించేస్తారేమోనని బాధేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్ని దిగుతాయి, నిజమే. అన్నీ దిగవు. లోతైన సరస్సుల్లో వేసవికి నీరు పొరలుగా విడిపోతుంది, పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు, రెండింటి మధ్య థర్మోక్లైన్ అనే పలచటి పొర. వెచ్చని నీరు తేలిక కాబట్టి గాలి ఎంత వీచినా అది అడుగుదాకా కలవదు, కింద కుళ్లుతున్న ఆకూ అలమూ అక్కడున్న ఆక్సిజన్‌ని మెల్లమెల్లగా వాడేసుకుంటాయి. అలాంటిచోట చల్లగా ఉంది కదా అని కిందకు దిగితే చేపకు ఊపిరాడదు. అసలు బాస్ వెచ్చని నీటి చేప, 27, 28 డిగ్రీల నీళ్లు దానికి హాయిగానే ఉంటాయి, నీళ్లు వెచ్చబడితే తిన్నది త్వరగా అరిగి మళ్లీ ఆకలేస్తుంది కూడా. మరి తిండి ఎక్కడుంది? బాస్ తినే బ్లూగిల్ అనే చిన్న చేపలు వేసవిలో ఒడ్డు దగ్గరే గుంటలు చేసి గుడ్లు పెడతాయి, కప్పలూ చేపపిల్లలూ ఉండేదీ అక్కడే. కాస్త నీడ కూడా ఉంటే మిట్టమధ్యాహ్నం నడుం లోతు నీళ్లలోనే బాస్ కాపు కాసి ఉంటుంది.

వేసవిలో పెద్ద చేప పడదనేవాళ్లకు రెండు తేదీలు చెబుతాను. అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల (సుమారు 10 కిలోల) ప్రపంచ రికార్డు బాస్‌ని పట్టింది 1932 జూన్ 2న. దాన్ని సమం చేసిన చేపను జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా పట్టింది 2009 జూలై 2న.

నీడ అంటే కలువాకులు, నీళ్ల మీదకు వంగిన కొమ్మలు, చెక్క వంతెనల అడుగు. నాచు విషయంలో మాత్రం కళ్లు పెట్టి చూడాలి. పచ్చగా ఉన్న నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతున్నది ఉన్న ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. పచ్చ నాచైనా రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకునేదే కాబట్టి దట్టంగా అల్లుకున్నచోట తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది. ఇది తెలియక నేను ఎన్నో రోజులు చీకటితో వెళ్లి, అలాంటిచోటే గాలం వేసి, ఒక్కటీ పడక ఎండెక్కే వేళకు వచ్చేసేవాణ్ని, తీరా చూస్తే పొద్దెక్కాకే అక్కడ చేపలు కదులుతాయి. చీకటితో వెళ్తే నాచు అంచునో, చల్లటి వాగు నీరు వచ్చి కలిసేచోటో వేయడం మేలు.

కలువాకుల మీద ఎరగా రబ్బరు కప్పను లాగేటప్పుడు నీళ్లు భళ్లుమనగానే రాడ్ గుంజేస్తారు చాలామంది, టెన్షన్‌లో నేనూ గుంజేసేవాణ్ని. ఒక క్షణం ఆగి, దారం మీద బరువు తెలిశాకే గుంజాలి. దారం అల్లికది, గట్టిది ఉండాలి. లోతులేని నీళ్లలో చేపకు మన నీడా కనబడుతుంది, అడుగుల అదురూ తెలుస్తుంది, అందుకే గట్టు అంచుకు పోకుండా రెండడుగులు వెనక నిలబడండి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఆ వ్యాసం పక్కన వేసిన ఫొటోలో పట్టి వదిలేస్తామని చెప్పిన చేపను ఎండిన గట్టు మీద పడుకోబెట్టారు. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే 30 డిగ్రీల నీళ్లలో అది ఏడున్నరకు పడిపోతుంది. పెనుగులాడి అలిసిన చేప అంత తక్కువలో తేరుకోవడమే కష్టం, దాన్ని పొడి మట్టి మీద పెడితే ఒంటి మీద జిగురు పొర కూడా ఊడిపోతుంది, ఈదుకుంటూ పోయింది కదా అనుకుంటాం గానీ తర్వాత చచ్చిపోయేవి ఉంటాయి. సన్న దారంతో గంటసేపు ఆడించకండి, త్వరగా లాగి, చేతులు తడుపుకుని పట్టుకుని, గాలం నీళ్లలోనే తీసి వదిలేయండి. పెద్ద చేపను దవడ ఒక్కటీ పట్టుకుని అడ్డంగా ఎత్తవద్దు, పొట్ట కింద రెండో చెయ్యి వేయాలి. నీళ్లు మరీ కాగిపోయిన రోజున నేనైతే వేటే మానేస్తాను.

వచ్చే ఆదివారం ఆ శీర్షికలో చేపను వదిలే పద్ధతి మీద నాలుగు మాటలైనా వేయండి, ఫొటో ఉంటే చేప నీళ్లలో ఉన్నదే వేయండి.

ఇట్లు,
గట్టు మీద నుంచి గాలం వేసే ఒక పాఠకుడు