ముక్క తీసేశాం, ఆ చోటు ఖాళీగా వదిలేశాం

మా కిచెన్ నుంచి భోజనం బాక్సులు తెప్పించుకుంటున్న అందరికీ నమస్తే.

బాక్సుల్లో మాంసం, చేపలు ఆపేసి పూర్తిగా శాకాహారానికి మారుతున్నామని నాలుగు నెలల క్రితం చెప్పాను. అప్పటి నుంచి వచ్చిన ఫిర్యాదులు చాలావరకు న్యాయమైనవే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సర్దిచెప్పే బదులు, ఎక్కడెక్కడ తప్పు చేశానో అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

ముందు, ఎందుకు మారామో. నేను మాంసం మానేసి ఏడాదిన్నర దాటింది. నోట్లో పెట్టుకోని వంటను పది మందికి పంపడం నా వల్ల కాలేదు. ఉప్పు సరిపోయిందా అని పక్కవాళ్లను అడిగి వండే వంట ఎన్నాళ్లు సాగుతుంది? అంతకు మించి ఇందులో ఉపదేశం ఏమీ లేదు. ముక్క లేనిదే ముద్ద దిగదని మొదటి వారమే మానేసిన వాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ ముప్పై ఏళ్లు అలా తిన్నదాన్నే.

ఉండిపోయిన వాళ్లకు మాత్రం అన్యాయం చేశాను. మొదటి నెల మెనూ ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది. పాత మెనూలోంచి మాంసం కూర కొట్టేసి, ఆ గడిలో బంగాళాదుంప రాశాను. మర్నాడు క్యాబేజీ, ఆ మర్నాడు మళ్లీ బంగాళాదుంప. మధ్యలో ఏదో ఒక వేపుడు. ఒక కస్టమర్ ఫోన్ చేసి, "మీ బాక్సు తిన్న రెండు గంటలకే బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటున్నానండీ" అన్నారు. అలవాటు లేక అలా అనిపిస్తోందిలే అనుకున్నాను. అదే మాట నలుగురైదుగురి నోట విన్నాక తక్కెడ ముందు కూర్చున్నాను.

వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో ప్రోటీన్ 30 గ్రాముల దాకా ఉంటుంది. అన్నంలో అయితే 100 గ్రాములకు మూడు గ్రాములు కూడా ఉండదు, ఉడికించిన బంగాళాదుంపలో సుమారు రెండు. నా బాక్సు మొత్తం లెక్కేస్తే 12 గ్రాములు దాటలేదు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. రోజులో పెద్ద భోజనం అని చెప్పి నేను ఇస్తున్నది అందులో పావు వంతు. ఆకలి వేయక ఏం చేస్తుంది!

దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాను. మీల్‌మేకర్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు 50 గ్రాములకు పైగా ప్రోటీన్ అని చూసి మురిసిపోయాను. బాక్సుకు 60 గ్రాములు వేస్తే చాలు, గండం గట్టెక్కినట్టే అనుకున్నాను. ప్యాకెట్ మీది లెక్క పొడి ముక్కలది. నేను తూచింది నానబెట్టి పిండినవి. నీళ్లు పీల్చుకుని వాటి బరువు రెండు మూడింతలు అవుతుంది. అంటే నేను అనుకున్న దాంట్లో సగం కూడా పడలేదు. మూడు వారాలు అలాగే పంపాను. ఇంట్లో వండుకునే వాళ్లు కూడా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, నానబెట్టక ముందే తూచండి.

తర్వాత శనగలు, రాజ్మా వంతు. ఉడికిన శనగల్లో 100 గ్రాములకు తొమ్మిది గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, దాంతోపాటు పీచు, ఐరన్ కూడా. మంచిదే కదా అని ఒకే వారంలో ఐదు రోజులు పెట్టేశాను. ఆ వారం ఫోన్లు దేని గురించో చెప్పనక్కర్లేదు. కొందరు మొహమాటంగా, కొందరు ఏ మొహమాటమూ లేకుండా చెప్పారు. పప్పుధాన్యాల్లో రాఫినోజ్ లాంటి కొన్ని చక్కెరలు ఉంటాయి. వాటిని అరిగించే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. పెద్దపేగులోకి చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది, గ్యాస్ అక్కడే పుడుతుంది. కొన్ని వారాల్లో చాలామందికి పొట్ట సర్దుకుంటుంది, కాకపోతే కొంచెం కొంచెంగా పెంచాలి. ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికిస్తున్నాం. కొత్తగా చేరేవాళ్లకు మొదటి రెండు వారాలు శనగలు, రాజ్మా సగమే వేసి, మిగతా చోట పన్నీరో టోఫూనో పెడుతున్నాం. (రాజ్మా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సరిగా ఉడకని రాజ్మాలోని లెక్టిన్ అనే ప్రోటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. సన్నటి వేడి మీద గంటల తరబడి మగ్గబెట్టినా అది పోదు. నీళ్లు బాగా మరగాల్సిందే.)

అన్నిటికన్నా పెద్ద తప్పు జెల్లీ. వారాంతం బాక్సులో పండ్ల జెల్లీ పెట్టి, మీద శాకాహారం అని చీటీ అంటించాను. అందులో జెలటిన్ ఉంది. జెలటిన్ తయారయ్యేది జంతువుల చర్మం, ఎముకల నుంచి. ఎన్నో ఏళ్లుగా మాంసం ముట్టని ఒకరు తిన్నాక అనుమానం వచ్చి అడిగితే, డబ్బా తిప్పి చదివాను. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బాక్సు తీసుకున్న అందరికీ ఆ రోజే విషయం చెప్పి డబ్బు తిరిగి ఇచ్చాం. డబ్బుతో పోయేది కాదని తెలుసు. ఇప్పుడు జెల్లీకి సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ వాడుతున్నాం. చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ ఉందేమో, ఎర్ర రంగు కోసం ఈ120, అంటే పురుగుల నుంచి తీసే కార్మైన్ వేశారేమో, సాస్‌లో చేపలు కలిశాయేమో, కొన్న ప్రతి డబ్బా వెనక చదివాకే వంటింట్లోకి రానిస్తున్నాం.

రుచి గురించి ఎక్కువ చెప్పను, తిని మీరే చెప్పాలి. మాంసం మానేసిన వాళ్లు "ఏదో తగ్గింది" అంటారే, అందులో చాలా భాగం ఉమామి అనే రుచి. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచులో పట్టుకున్న గ్లుటమేట్ రుచి అది. ఎండు పుట్టగొడుగులు, బాగా మగ్గిన టమాటా, సోయా సాస్ ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. టోఫూను నీళ్లు పిండకుండా పెనం మీద వేసిన రోజులు మాత్రం మర్చిపోండి.

"మాంసం లేదు కదా, ధర తగ్గించరా?" అని అడుగుతున్నారు. సరుకు ఖర్చు కొంత తగ్గిన మాట నిజం. నానబెట్టడం, రుబ్బడం, తరగడం పెరిగి ఇంకో ఇద్దరిని పెట్టుకున్నాం. మిగిలింది ఏమీ లేదు.

ఒక విషయంలో మా బాక్సును నమ్ముకోవద్దు, విటమిన్ బీ12. పాలు, పెరుగు వాడతాం కాబట్టి కొంత అందుతుంది, రోజుకు కావాల్సినంత అని హామీ ఇవ్వలేను. పాలు కూడా వద్దని ప్రత్యేకంగా చెప్పి తెప్పించుకునే వాళ్లకు మా భోజనంలో అది దాదాపు సున్నా. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు బయటపడడానికి ఏళ్లు పట్టవచ్చు. బాగానే ఉన్నాను కదా అని ఊరుకోకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఐరన్ కోసం నిమ్మ చెక్క పెడుతున్నాం, పారేయకండి. విటమిన్ సి ఉంటే ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ దానికి అడ్డుపడుతుంది. అందుకే బాక్సుతో పాటు ఇచ్చే ఉచిత టీ ఆపేశాం. మాంసం ఆపినప్పటి కన్నా దీనికే ఎక్కువ తిట్లు పడ్డాయి. అయినా తిరిగి ఇవ్వను. గంట ఆగి మీరే తాగండి.

వారమంతా శాకాహారం కష్టంగా ఉందన్న వాళ్ల కోసం వారానికి మూడు రోజుల ప్యాక్ పెట్టాం. మిగతా రోజులు ఏం తింటారో మేం అడగం. ముందే డబ్బు కట్టి ఇక వద్దనుకునే వాళ్లు ఒక మెసేజ్ పెట్టండి చాలు, కారణం చెప్పనక్కర్లేదు, మిగిలింది మొత్తం వెనక్కి వేస్తాం. మొదటి నెల బంగాళాదుంపలు తిన్న వాళ్లకు ఈ నెలలో నాలుగు బాక్సులు మా తరఫున.